డకోటా తలుపు

కర్నూలు,
14 జూన్ 1953

చిరంజీవి సౌభాగ్యవతి ఎస్తేరుకు మామ గాబ్రియేలు దీవించి రాయునది. దేవుడి దయవల్ల నా ఒళ్ళు బాగానే ఉంది. కన్నే కొంచెం మసక.

నువ్వు మీ ఆస్పత్రి నుంచి బస్సులో వేసిన పాత ఎక్స్‌రే ఫిల్ముల కట్ట భద్రంగా చేరింది. కండక్టరు అది మామిడి తాండ్ర అనుకున్నాడట, ఎండ తగలకుండా సీటు కింద పెట్టి తెచ్చాడు. విప్పి చూపిస్తే మొహం మాడ్చుకుని పోయాడు పాపం.

ఈ ఫిల్ములు ఎందుకని నువ్వు అడగలేదు. అడగకుండానే పంపావు. ఇప్పుడు చెప్తాను. నేను విమానం చేస్తున్నాను. మన అబ్బాయి దేవదానం ఎక్కిన డకోటా. యుద్ధంలో బర్మా అడవుల మీద బియ్యం మూటలు పడేయడానికి పోయి తిరిగి రాని ఆ విమానం ఎట్లా ఉంటుందో నువ్వూ చూడలేదు, నేనూ చూడలేదు. ‘కనబడుట లేదు’ అన్న తంతి ఒక్కటే కదా మనం చూసింది. పోయిన నెల రైలెక్కి బేగంపేట పోయాను. అక్కడ ఒక డకోటా నిలబెట్టి ఉంటే మెకానిక్కును బతిమాలుకుని, ముడులు వేసిన తాడుతో అంతా కొలిచాను. “ఏం తాతా, ఇంజనీరువా?” అని నవ్వాడు. “కాదు నాయనా, డ్రాయింగు మాస్టరుని” అన్నాను.

అడుగుకు అంగుళం చొప్పున చేస్తున్నాను. రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు ఇంచుమించు ఎనిమిది అడుగులు వస్తాయి. చాకలి సోడా కలిపిన వేడినీళ్ళలో ఫిల్ముల్ని నానబెట్టి గుడ్డతో రుద్దితే నలుపంతా జారిపోతుంది. మిగిలే పలక గాజులా ఉంటుంది గానీ పగలదు. కత్తెరకు లొంగుతుంది, సెగ చూపి చెక్క అచ్చు మీద వంచితే ఆ వంపు అట్లాగే నిలుస్తుంది. బయటినుంచి చూస్తే లోపలిదంతా కనిపించాలి. నాకు కావలసింది అదే.

రెండు ఫిల్ములు మాత్రం ఎంత రుద్దినా తేటపడలేదు. ఒకదాంట్లో ఎవరిదో ఎడమ చెయ్యి, ఇంకోదాంట్లో పక్కటెముకలు. పారేయడానికి మనసు రాలేదు. ఎవరి ఒంటివో ఏమో. చెయ్యిని తోకకు వాడాను. ఎముకల ఫిల్ము సరిగ్గా తలుపు పక్కన పట్టింది.

ఇంకొన్ని ఫిల్ములు దొరికితే పంపు. అతికించడానికి అసిటోను ఒక సీసా కావాలి.

ఆశీస్సులతో,
మామ

*

కడప,
27 జూన్ 1953

పూజ్యులైన మామగారికి కోడలు ఎస్తేరు వందనాలు.

మీ ఉత్తరం డ్యూటీలో ఉండగా వచ్చింది. మందుల గదిలో నిలబడి చదువుకుని ఏడ్చాను. భయపడకండి. మనసు తేలికపడే ఏడుపు. అత్త పోయి రెండేళ్ళయినా మీరు ఆయన పేరే ఎత్తడం లేదని నాకు దిగులుగా ఉండేది. ఇప్పుడు మీ చేతులతో ఆయన జ్ఞాపకంగా ఇంత పని పెట్టుకున్నారంటే, ఆయన ఇక రాడన్న మాటకు మీ మనసు ఒప్పుకుందన్నమాట. చర్చిలో వేలాడదీయడానికే కదా? వచ్చే ఏప్రిల్‌కు పదేళ్ళు. ఆ ఆదివారం ఆరాధనలో ఆయన పేరు చదివించమని పాస్టరుగారిని అడగండి. నేను సెలవు పెట్టి వస్తాను.

ఫిల్ములు ఇంకో కట్ట పంపుతున్నాను. పారేయడానికి పెట్టినవే, డాక్టరమ్మగారిని అడిగే తీసుకున్నాను. అసిటోను కంపౌండరు ఇచ్చాడు. ఇవన్నీ బస్టాండుకు మోసి పంపింది నతానియేలుగారు. వేంపల్లెలో బోర్డు స్కూలు అయ్యవారు. వాళ్ళమ్మకు మా ఆస్పత్రిలో ఆపరేషనయింది, అప్పటినుంచి తెలుసు. శానా మంచివారు.

ఇక్కడ ఎండలు ఇంకా తగ్గలేదు. బావిలో బొక్కెన నేలకు తగులుతోంది. కన్ను డాక్టరుకు చూపించుకోండి.

ఎస్తేరు

*

కర్నూలు,
19 జులై 1953

చిరంజీవి సౌభాగ్యవతి ఎస్తేరుకు దీవెనలు.

కట్ట చేరింది, సీసా కూడా. ఇంత బరువు మోసి సాయపడిన ఆ పెద్దమనిషి నతానియేలుగారికి నా వందనాలు చెప్పు. ఈ కాలంలో వయసు మళ్ళినవాళ్ళకే ఇట్లాంటి ఓపిక.

విమానం ఒళ్ళు నిలబడింది. అయిదారు ఫిల్ములు ఒకదాని మీద ఒకటి అతికించి, ఎండబెట్టి, చక్రాల్లా కోసి వరసగా నిలిపాను. వాటి మీద పలకలు చుట్టాను. పొద్దుటి ఎండ పడితే నీళ్ళలో మునిగిన చేపలా మెరుస్తుంది.

సైకిలు షాపు వలి సాహెబ్ వచ్చి చూశాడు. దేవదానంతో పాటు పటాలంలో అదే కంపెనీలో మూటలు తోసే పని చేసినవాడు. ఆ రోజు జ్వరం వచ్చి డేరాలో పడుకున్నందుకు మిగిలాడు. లోపలికి తొంగి చూశాడు, తలుపును వేలితో తట్టాడు. తర్వాత అన్నాడు: “మాస్టరూ, తలుపు పెట్టినావే, అది తీసెయ్యి. తలుపు పీకేసే పోతాంటిమి. ఈడ వరసగా బియ్యం మూటలు. గంట మోగితే కాళ్ళతో తన్నాల. గాలి మొహాన కొడ్తాంటే కింద అడవి పచ్చగా తిరుగుతాంటాది. శానా భయంగా ఉంటాది మాస్టరూ.” తలుపు తీసేశాను.

ఒక వింత చెప్తాను, నవ్వకు. సందెవేళ ఎండ దిగిపోగానే లోపలినుంచి టిక్కు టిక్కుమని శబ్దం వస్తుంది, గోటితో తట్టినట్టు. చల్లబడితే పలకలు ముడుచుకుంటాయి, కారణం అదేనని నాకు తెలుసు. బడిలో పిల్లలకు చెప్పిన పాఠమే. అయినా లేచి పోయి చూస్తాను.

చర్చి సంగతి తర్వాత మాట్లాడుదాం. ఇప్పుడొక అవసరం. వాడి చొక్కా ఏదైనా నీ దగ్గర ఉందా? భుజాల కొలత కావాలి.

మీ మామ

*

కడప,
9 ఆగస్టు 1953

మామగారికి వందనాలు.

చొక్కా పంపుతున్నాను. నీలం గీతలది. పెళ్ళయిన కొత్తలో వేసుకునేవారు. ఇన్నాళ్ళూ నా పెట్టె అడుగున ఉంది. భుజాల కొలత అడిగారంటే, ఖాళీ పెట్టె చేయించి సమాధుల దొడ్డిలో పెట్టించాలని మీ ఆలోచన అని నాకు అర్థమైంది. ఒళ్ళు దొరకనివాళ్ళకు అట్లా చేస్తారని పాస్టరుగారు ఒకసారి చెప్పారు. ఈ చొక్కా అందులో పెట్టండి. నేను చూసుకోవలసినంత చూసుకున్నాను.

మామా, మీరిట్లా ధైర్యం చేసుకున్నారు గనుక నేనూ ధైర్యం చేసి ఒక మాట అడుగుతున్నాను. నతానియేలుగారు పెద్దమనిషి అన్నారు మీరు. ఆయనకు ముప్పైరెండేళ్ళే. నన్ను పెళ్ళి చేసుకుంటానని అడిగారు. ఏడాదిగా జవాబు చెప్పకుండా ఉన్నాను. జాడ తెలియక ఏడేళ్ళు దాటాయి గనుక అడ్డం లేదని ఇక్కడి పాస్టరుగారు అంటున్నారు. భర్త తరఫు పెద్దలు ఒప్పుకుంటే చర్చిలో పెళ్ళి ప్రకటన చాటిస్తామన్నారు. నాకు పెద్దలంటే మీరే. మా నాన్న ఉంటే నా చెయ్యి పట్టుకుని నడిపించేవాడు. ఆ చోట మీరు నిలబడాలి. మీరు కాదంటే నాకు ఈ పెళ్ళి వద్దు.

తప్పుగా రాసి ఉంటే మన్నించండి.

ఎస్తేరు

*

కర్నూలు,
2 సెప్టెంబరు 1953

చిరంజీవి సౌభాగ్యవతి ఎస్తేరుకు.

నీ ఉత్తరం అందింది. జవాబు రాద్దామని కూర్చుని మూడుసార్లు చించేశాను.

చర్చిలో వేలాడదీస్తానని, సమాధి కట్టిస్తానని, వాడు పోయాడని, ఈ మాటలు నేను ఎప్పుడు రాశానమ్మా? నా ఉత్తరాలు తీసి చూడు.

మీ అత్త పోయే ముందు రోజు నన్ను దగ్గరకు పిలిచింది. నువ్వప్పుడు డాక్టరు కోసం పోయి ఉన్నావు. “వాడు యాడనో ఇరుక్కొని ఉండాడప్పా. నాకు కనపడతాండాడు. నువ్వు పోయి బయటికి తియ్యి” అంది. జ్వరం మాట అనుకున్నాను. అయినా ఆ మాట నన్ను వదల్లేదు. యాడికి పోయి తియ్యను? బర్మా అడవి నాకు తెలుసా? నాకు తెలిసిందల్లా గీయడం, కొయ్యడం, అతికించడం. అందుకని ఆ విమానాన్నే ఇంటికి తెచ్చుకున్నాను.

విమానం కూలేటప్పుడు ఎట్లో ఒకట్లా ఒరుగుతుంది. ముక్కు దిగుతుంది, లేకుంటే రెక్క దిగుతుంది. ఏ వాటాన ఒరిగితే మూటలు ఎటు జారతాయి, వాటి మధ్య నిలబడ్డవాడు ఎటు పోతాడు? తలుపు లేని సందు అక్కడే ఉంది. వాడు దానిలోంచి బయటపడితే కింద చెట్ల మీద పడి బతికి ఉండవచ్చు. తెల్లవాళ్ళే కొందరు అట్లా పడి, మతిపోయి, కొండజనంతో ఉండి ఏళ్ళకు తిరిగొచ్చారని విన్నాను. వాడి ఎత్తు లెక్కన అయిదున్నర అంగుళాల చెక్కమనిషిని చెక్కుతున్నాను. గుడ్డసంచుల్లో కొర్రలు పోసి మూటలు కుడుతున్నాను. చొక్కా అడిగింది ఆ భుజాల కోసమే.

చొక్కా ఉతికి ఇస్త్రీ చేయించాను. వస్తే వేసుకుంటాడు.

నేను తేల్చేదాకా ఆగు. మొగుడు బతికి ఉండగా ఇంకొకరి చెయ్యి పట్టుకుంటే రేపు వాడి మొహం ఎట్లా చూస్తావు? నేనెట్లా చూస్తాను?

గాబ్రియేలు

*

కడప,
13 సెప్టెంబరు 1953

మామగారికి,

కవరు మీద ‘సౌభాగ్యవతి’ అని చూసినప్పుడల్లా ఆ పేరున్న మనిషి ఎవరో వేరే ఉన్నట్టుంటుంది నాకు. పదేళ్ళుగా నేను విధవనూ కాను, పెండ్లామునూ కాను. ఆస్పత్రిలో కాగితం రాసేటప్పుడు ఆ గడి దగ్గర నా కలం ఆగిపోతుంది. ఆయన గొంతు నాకు గుర్తు లేదు మామా. మొహం కూడా ఫోటోలోదే. అసలు మొహం పోయింది. ఆయన కోసం ఎదురుచూడమంటే ఎవరి కోసం చూడను?

మీరు ఆట ఆడుతున్నారు. కొర్రలతోను చెక్కబొమ్మతోను. ఆ ఆటలో నా బతుకు పెట్టి ఆడుతున్నారు. నేను పంపిన ఫిల్ములతోనే నన్ను కట్టేస్తారా?

వచ్చి మాట్లాడతాను. కొత్త రాష్ట్రం పండగని అక్టోబరు మొదటివారం బస్సుల్లో కాలు పెట్టే చోటు ఉండదంటున్నారు. అది కాగానే వస్తాను. ఆ విమానాన్ని పగలగొట్టమని అడగడానికే వస్తాను. ముందే చెప్తున్నాను.

ఎస్తేరు

*

కడప,
22 అక్టోబరు 1953

మామగారికి వందనాలు.

క్షేమంగా చేరాను. కర్నూలు ఎట్లా మారిపోయింది! యాడ చూసినా గుడారాలు, ఫైళ్ళ కట్టలు, ఇల్లు దొరకని గుమాస్తాలు. మీ ఇంటి యజమాని దేవేంద్రప్ప నన్ను వాకిట్లోనే పట్టుకుని, “ఏమ్మా, మీ మామకు జెప్పు. ఆ గది కాళీ జేస్తే మద్రాసోల్లు రెండింతలు బాడుగ ఇస్తారంట. ఆ దయ్యం బండిని పెట్టుకుని ఏం జేస్తాడు?” అన్నాడు. నేనూ సరిగ్గా ఆ మాటే చెప్పాలని వచ్చాను కదా. తలూపాను.

లోపలికొచ్చి విమానాన్ని చూశాను.

అంత పెద్దదని అనుకోలేదు. గది నిండా రెక్కలే. మీరు నా చేతికి ఆ చెక్కమనిషిని ఇచ్చారు. ఆయన నిలబడినట్టే, ఎడమ భుజం కొంచెం కిందికి. అది నేను మరిచిపోయాను మామా. మీ చెయ్యి మరిచిపోలేదు. మూటల మధ్య నేనే నిలబెట్టాను. మీరూ వలి సాహెబూ చెరోవైపు పట్టి ఒంచారు. ముక్కు దిగితే మూటలన్నీ ముందుకు దొర్లి ఆయన వాటి కింద పడ్డారు. బయటినుంచి అంతా కనపడుతోంది. ఆ గాజులోంచి, ఆ ఎముకల పక్కనుంచి. ‘చాలు, పగలగొట్టండి’ అనాలని వచ్చినదాన్ని, “ఇంకోసారి” అన్నాను.

ఎన్నిసార్లు అన్నానో గుర్తులేదు. వలి సాహెబ్ నమాజుకని వెళ్ళిపోయాడు. పొద్దు గుంకింది. మీరు చెప్పిన ఆ శబ్దం మొదలైంది. అప్పుడు ఎడమ రెక్క దించి తోక కొంచెం దించితే ఆయన జారి, తలుపు సందులోంచి బయటపడి, నా కాళ్ళ దగ్గర చాప మీద పడ్డారు. మళ్ళీ చేస్తే మళ్ళీ పడ్డారు. రెండుసార్లు. చేతిలోకి తీసుకుంటే చెక్క వెచ్చగా ఉంది. సందెవేళ, ఆ చల్లటి గదిలో, వెచ్చగా.

అప్పటినుంచి నాకు నిద్ర సరిగా లేదు. వార్డులో మంచం కిర్రుమన్నా ఉలిక్కిపడుతున్నాను. నతానియేలుగారితో ఇప్పుడేమీ వద్దని చెప్పేశాను. ఆయన తలవంచుకుని సైకిలు నడిపించుకుంటూ పోయారు. ఎక్కలేదు కూడా.

మామా, నాకొక ఆలోచన వచ్చింది. కొన్ని మూటలు అప్పటికే పడేసి ఉంటారు కదా? సగం మూటలే పెట్టి చూడండి. ఆయన్ని ఇంకాస్త తలుపు దగ్గరకు జరపండి. ఏమైందో వెంటనే రాయండి. జవాబు రాకపోతే ఆదివారం బయలుదేరి నేనే వస్తాను.

ఎస్తేరు

*

కర్నూలు,
3 నవంబరు 1953

చిరంజీవి ఎస్తేరుకు మామ దీవెనలు.

రావద్దు. రావలసిన పని లేదు.

నువ్వు చెప్పినట్టే సగం మూటలతో చేశాను. చేసే ముందు వలి సాహెబ్‌ను పిలిపించి అన్నీ మళ్ళీ అడిగాను. అప్పుడొక సంగతి తెలిసింది, ముందే అడగకపోవడం నా తెలివితక్కువ. తలుపు దగ్గర మూటలు తోసేవాళ్ళకు నడుముకు పట్టీ ఉండేదట. వెడల్పాటి కాన్వాసు పట్టీ. దాని కొక్కెం విమానం గోడకున్న కమ్మీకి తగిలించేవాళ్ళట, గాలికి మనిషి బయట పడిపోకుండా. మనం పట్టీ లేకుండా ఒంచాం. అందుకే వాడు నీ కాళ్ళ దగ్గర పడ్డాడు. అది లెక్కలోకి రాదమ్మా.

చెక్కమనిషికి పట్టీ కుట్టి కొక్కెం తగిలించి చూశాను. ముక్కు దించి, తోక దించి, రెక్క దించి, అన్ని వాటాలా చూశాను. ఒక్కసారీ బయటికి రాలేదు. పట్టీ వాణ్ని లోపలే పట్టి ఉంచింది. విమానంతో పాటే పోయాడు. ఇరుక్కున్నది అక్కడే. బాధ కూడా ఎక్కువసేపు ఉండి ఉండదు.

నువ్వు ఆ సాయంత్రం చాప మీద మోకాళ్ళేసుకుని, కొప్పు ఊడిపోయింది కూడా తెలియకుండా “ఇంకోసారి మామా” అంటుంటే నీ మొహంలో మీ అత్త కనబడింది. సరిగ్గా అదే చూపు. ఇరవై ఎనిమిదేళ్ళ పిల్ల మొహంలో ఆ చూపు పెట్టింది నేను.

మీ పాస్టరుగారికి నా ఒప్పుదల విడిగా రాసి పోస్టు చేశాను. క్రిస్మస్ కాగానే ముహూర్తం పెట్టుకోండి. నీ చెయ్యి పట్టుకుని నేనే నడిపిస్తాను. ఆ సైకిలు అయ్యవారికి కబురు పంపు. ఇంకా దిగి నడుస్తూనే ఉన్నాడేమో.

ఈసారి కవరు మీద ఆ మాట రాయలేదు. పెళ్ళయ్యాక మళ్ళీ రాస్తాను, సరైన ఇంటికి.

మామ

*

వేంపల్లె,
17 జనవరి 1954

మామగారికి ఎస్తేరు, నతానియేలు వందనాలు.

మీరు వెళ్ళాక ఇల్లు సర్దుకునేసరికి ఇన్నాళ్ళు పట్టింది. పెళ్ళినాడు చర్చి గడప దగ్గర నా చెయ్యి వదిలి మళ్ళీ పట్టుకున్నారు. కండువా సర్దుకోవడానికి అన్నారు. ఊరికే అన్నారని నాకు తెలుసు. నతానియేలుగారు మీరు ఇచ్చిన గడియారాన్ని బడి పిల్లలందరికీ చూపించి వచ్చారు. వాళ్ళమ్మ నన్ను పొయ్యి దగ్గరకు రానివ్వడం లేదు, వేరుశనగ పొడి నూరి ముద్దలు కలిపి పెడుతోంది. బాగున్నాను మామా. ఇది నిజం.

ఇంకొక్క మాట రాసి ముగిస్తాను.

మీరు పాస్టరుగారితో మాట్లాడుతున్నప్పుడు, పందిట్లో వలి సాహెబ్‌కు నేనే పాయసం వడ్డించాను. ఊరికే, ఏదో మాట్లాడాలని, “పట్టీ సంగతి ముందే చెప్పి ఉంటే మామకు అంత శ్రమ ఉండేది కాదు” అన్నాను. ఆయన అర్థం కానట్టు చూశాడు. “పట్టీనా? ఏం పట్టీమ్మా? మాకు పట్టీలు యాడివి? పక్కనోడి చేయి పట్టుకుంటాంటిమి, అంతే. మాస్టరు గూడా మొన్న ఇదే అడిగె. ఆయనకూ ఇదే చెప్తి” అన్నాడు.

గరిటె పట్టుకుని మీకోసం చూశాను. దూరంగా మీరు కనిపిస్తున్నారు. పాస్టరుగారి మాటకు తలూపుతున్నారు, నవ్వుతున్నారు కూడా. మీ మసక కన్ను ఒకటే నావైపు తిరిగి ఉంది.

ఆయన బయటపడటం నేను నా కళ్ళతో రెండుసార్లు చూశాను. నేను తిరిగి వచ్చేశాక మీరు ఒక్కరే ఇంకెన్నిసార్లు చూశారో నాకు తెలియదు. అన్నీ చూసి, ఆ అయిదున్నర అంగుళాల నడుముకు మీ చేతులతోనే పట్టీ కట్టారు. ఏ తండ్రి చేతికైనా అది ఎంత బరువో నేను ఊహించగలను.

నతానియేలుగారికి ఈ సంగతి చెప్పలేదు, చెప్పను. మిమ్మల్ని అడగను కూడా. మీరు కట్టింది నేను విప్పను మామా. పట్టీ ఉండేదనే అనుకుంటాను.

ఇక్కడ వెనకవైపు ఒక గది ఖాళీగా ఉంది. దేవేంద్రప్పకు ఆ గది ఇచ్చేయండి. సందెవేళ ఆ చప్పుడు వింటూ మీరొక్కరే కూర్చోవద్దు. విమానాన్ని వదిలి రాలేకపోతే రెక్కలు విప్పి బండికెత్తించండి. పెద్దదే, తెలుసు. చోటు చేస్తాము.

మీ కూతురు,
ఎస్తేరు